చీతా చూపును గీయండి

మన దేశంలో చీతా అంతరించిందని ప్రభుత్వం 1952లో ప్రకటించింది. ఇప్పుడు దాని బొమ్మ వేయాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా చేసే పని దాని ముఖానికి దుఃఖం పులమడం. తల వంచేస్తారు, వెనకాల ఎర్రటి సాయంత్రం పెడతారు. అలా వేయకండి. అది మన బాధ, చీతాది కాదు. దానికి తెలిసినవి ఆకలి, ఎండ, పరుగు, పిల్లలు. ఆ బతుకు గీయండి.

కుంచె పట్టడం కొత్తయినా ఫర్వాలేదు, ముందు చూడటం నేర్చుకోండి. చిరుతపులి మచ్చలు మధ్యలో ఖాళీతో గుత్తులుగా ఉంటాయి. చీతావి నిండు నల్లచుక్కలు. తల చిన్నది, ఛాతీ లోతైనది, నడుము బాగా సన్నం. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. కంటి లోపలి కొస నుంచి నోటిదాకా ఒక నల్లటి చార దిగుతుంది. దాన్ని కన్నీటి చార అనుకుని గీశారా, బొమ్మ ఏడుపుముఖం పెడుతుంది. దాని వంపు ఎంతో అంతే గీయండి, ముఖానికి పదును వస్తుంది. మనసులో ఎంత ప్రేమ ఉన్నా, వివరం తప్పితే అది కాగితం మీదికి రాదు.

దీనికి నాకు తెలిసిన గొప్ప పాఠం ఇంగ్లిష్ చిత్రకారుడు జార్జ్ స్టబ్స్. మద్రాసు గవర్నరుగా చేసిన జార్జ్ పిగట్ 1760లలో ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్‌కి ఒక చీతాను కానుకిచ్చాడు. విండ్సర్‌లో దాన్ని దుప్పి మీదికి వదిలితే దుప్పే ఎదురు తిరిగి తరిమింది. స్టబ్స్ ఆ చీతాను చిత్రించాడు కానీ ఆ ఓటమిని వేయలేదు. ఆయన చిత్రంలో పక్కన ఇద్దరు భారతీయులున్నారు. చీతా కళ్లకు కప్పే ఎర్రటి టోపీని వెనక్కి తీశారు. అది ఒళ్లంతా చూపై నిలబడింది. ఈ చిత్రం మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. ఫోన్‌లో వెతికి, పెద్దది చేసి, మెడ దగ్గరి బిగువు చూడండి. అంతకు కొన్నేళ్ల ముందు స్టబ్స్ పల్లెటూరి ఇంట్లో నెలల తరబడి గుర్రాల కళేబరాలు కోసి ఎముకలూ కండరాలూ గీశాడు. ఆ బిగువు ఆ చదువు నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఇక ఒక ఫోటో. 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ మూడు చీతాలను కాల్చాడు. చంపిన వాటి పక్కన ఆయన దిగిన ఫోటో చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని ముందు పెట్టుకుని గీయకండి. అందులో శరీరం ఉంది, చూపు లేదు. మనం పోయినవాళ్లనూ ఇలాగే చివరి రోజులతో కొలుస్తుంటాం. నాన్నగారి పేరెత్తితే ఆసుపత్రి మంచమే గుర్తొస్తుంటే, కూర్చుని ఆయన నడకను, పిలుపును, నవ్వును ఒక్కొక్కటిగా రాసి చూడండి. అరవై డెబ్బై ఏళ్ల జీవితాన్ని ఆఖరి నెల మింగేయడం అన్యాయం.

ఇక చీతా ఎలా పోయిందంటే, అక్బరు దగ్గర వెయ్యి చీతాలుండేవని జహంగీరు రాసుకున్నాడు. బంధిస్తే అవి పిల్లలను పెట్టడం చాలా అరుదు. అందుకే రాజులు అడవిలోంచి పట్టుకొస్తూనే ఉన్నారు. వేట, పొలాలైపోయిన గడ్డిభూములు మిగిలిన పని పూర్తిచేశాయి. ఇది తెలుసుకోండి, కానీ బొమ్మలోకి తేకండి.

నడక కోసం మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్కు చీతాల వీడియోలు చూడండి. 2022 సెప్టెంబరు నుంచి అక్కడికి తెచ్చినవి ఆఫ్రికా ఉపజాతివి. అయినా అడుగు వేసే తీరు అర్థమవుతుంది. వెనకాల దట్టమైన అడవి వేయొద్దు, చీతాకు గడ్డీ పొదలూ కావాలి. చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని 1952లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఒక నివేదిక వచ్చింది. రాయలసీమ మెట్టలు మీరు ఎరిగినవే అయితే ఆ రాళ్లనూ ఆ ఎండనూ ధైర్యంగా వాడుకోండి.

రోజుకు అరగంట చాలు. మొదటి వారమంతా పెన్సిలే. కళ్లు చివర్లో వేయండి. పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు చూపించి "బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. "ఇదేంటి?" అని అడగండి. చిరుతపులి అంటే మచ్చల దగ్గరికి వెళ్లండి. పాపం అంటే ఆ నల్లచారను సరిచేయండి. "దేన్ని చూస్తోంది?" అని వాళ్లే ఎదురడిగితే కుంచె కడిగేయొచ్చు.