అంతరిక్షంలో అణు విద్యుత్తు: 26 ఏళ్లలోపే తేల్చుకోవాలి

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకునేవాళ్లలో బీటెక్ మెకానికల్ వాళ్లు తక్కువేం కాదు. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల కోసం థర్మోడైనమిక్స్‌ను అటకెక్కించి పాలిటీ, ఉద్యమ చరిత్ర బట్టీ పడుతుంటారు. తప్పనను. కానీ ఆ అటకెక్కించిన సబ్జెక్టే పునాదిగా నడిచే పని ఒకటుంది: అంతరిక్షంలో కరెంటిచ్చే చిన్న అణు రియాక్టర్ల తయారీ.

చంద్రుడి మీద రాత్రి మన లెక్కలో దాదాపు 14 రోజులు, అంతకాలం సౌర విద్యుత్తు ఉండదు. 2023లో చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్, రోవర్ ప్రజ్ఞాన్ ఆ చలికి పడుకుని మళ్లీ లేవలేదు. అదే చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో ఒక్కో వాట్ ఇచ్చే రెండు రేడియోఐసోటోప్ హీటర్లను పెట్టి చూశారు. అవి రియాక్టర్లు కావు. వాటిలో పదార్థం తనంతట తాను క్షీణిస్తూ వేడినిస్తుంది. రియాక్టర్‌లో గొలుసు చర్యను మనం నడపాలి, ఆపాలి. ఈ రంగం ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ రెండూ కలిపేస్తే కష్టమే.

అసలు రియాక్టర్ పరీక్ష ఎలా ఉంటుందో చూడాలంటే 2018 మార్చిలో అమెరికా నెవాడాలో జరిగిన ‘క్రస్టీ’ని చదవండి. యురేనియం-మాలిబ్డినం ముద్ద, సోడియం హీట్ పైపులు, స్టిర్లింగ్ ఇంజన్లు. 28 గంటల పరీక్షలో కావాలనే ఇంజన్లు, హీట్ పైపులు చెడిపోయిన పరిస్థితులు కల్పించారు. ముద్ద వేడెక్కి వ్యాకోచిస్తే న్యూట్రాన్లు ఎక్కువగా బయటికి పోతాయి, శక్తి దానంతటదే తగ్గుతుంది. మనిషి వెళ్లి బాగుచేయలేని చోట ఇదే దిక్కు.

ఇక శూన్యంలో గాలీ నీళ్లూ ఉండవు, వ్యర్థ వేడిని వికిరణంగానే వదలాలి. 3 కిలోవాట్లను 400 కెల్విన్ దగ్గర వదలాలంటే కనీసం 2 చదరపు మీటర్ల రేడియేటర్ కావాలి. 500 కెల్విన్ దగ్గరైతే ఒక చదరపు మీటరు కూడా పట్టదు, కానీ ఇంజన్ సామర్థ్యం పడిపోతుంది. డిజైన్‌లో సగం తగువు ఇక్కడే.

‘స్పేస్ రియాక్టర్ ఇంజనీర్’ పేరుతో నోటిఫికేషన్ పడుతుందని కోచింగ్ సెంటర్ల అశోక్ నగర్‌లో కూర్చుని ఎదురుచూడకండి. మన దేశంలో దగ్గరి దారి భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూల్ ఏడాది కోర్సు, ఓసీఈఎస్. డిగ్రీలో 60 శాతం ఉండాలి, గేట్ స్కోరో బార్క్ ఆన్‌లైన్ పరీక్షో దాటాలి, తర్వాత ఇంటర్వ్యూ. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 26. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంది. గ్రూప్స్ నలభై దాటినా రాయొచ్చు, ఇది రాయలేరు. అందుకే ముందు ఇది. చేరాక అంతరిక్షం పనే ఇస్తారన్న హామీ లేదు, చాలామంది భూమ్మీది రియాక్టర్లకే పనిచేస్తారు. మెటలర్జీ వాళ్లు నగరం దాటనక్కర్లేదు: 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, కంచన్‌బాగ్‌లోని లోహ కర్మాగారం మిధాని రెండూ ఇక్కడే ఉన్నాయి.

‘అమెరికాలో ఎంఎస్ చేసి నాసాలో’ అనే మాట నారాయణగూడ టీ కొట్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. అణు ఇంధనంతో ముడిపడ్డ అక్కడి ఉద్యోగాల్లో చాలావాటికి ఆ దేశ పౌరసత్వం అడుగుతారు. అప్పు చేసే ముందే చూసుకోండి.

ముందుగా కోఠిలో పాత హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకమొకటి కొని, పైన చెప్పిన రేడియేటర్ లెక్క మీరే వేయండి.