చెరువులో గుడ్లు పెట్టని శీలావతి

కైకలూరు చెరువుల్లో శీలావతి, బొచ్చె చక్కగా పెరుగుతాయి, కడుపులో గుడ్లూ తయారవుతాయి. కానీ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి ఒరవడి కావాలి. అది లేకపోతే మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి ఎల్‌హెచ్ హార్మోన్‌ను చాలినంత వదలదు.

నిజానికి ఆ హార్మోన్ గ్రంథి కణాల్లో, చిన్న చిన్న తిత్తుల్లో ముందే సిద్ధంగా ఉంటుంది. దాన్ని బయటికి పంపేది కాల్షియం. మామూలుగా కణం లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం, బయటి కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. మెదడు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే సంకేతం వచ్చి కణం పైపొరను తాకగానే లోపలి నిల్వల నుంచి కాల్షియం విడుదలవుతుంది. పొరలోని ద్వారాల గుండా బయటి నుంచి మరికొంత దూసుకొస్తుంది. అప్పుడు తిత్తులు పొరతో కలిసిపోయి హార్మోన్‌ను వదులుతాయి. చాలా చేపల్లో దీనికి బ్రేకు కూడా ఉంది: డోపమైన్.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేపల పీయూష గ్రంథి సారాన్నే సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఇప్పుడు హేచరీల్లో వాడే కొన్ని ఇంజెక్షన్లలో జీఎన్‌ఆర్‌హెచ్‌ను పోలిన పెప్టైడ్, దాంతోపాటు డాంపెరిడోన్ ఉంటాయి. అవును, వాంతులకు మనం వేసుకునే మందే! మొదటిది కణంలో కాల్షియాన్ని పెంచుతుంది, రెండోది డోపమైన్ బ్రేకును తీస్తుంది. సాయంత్రం సూది వేస్తే తెల్లారేసరికి తొట్టిలో గుడ్లు.