పసుపు మరకను పోగొట్టే ఎండ మురికి నీటినీ శుభ్రం చేస్తుందా?



తెల్ల చొక్కా మీద పసుపు మరక పడితే ఉతికి ఎండలో ఆరేస్తాం. సాయంత్రానికి మరక చాలావరకు వెలిసిపోతుంది. పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థాన్ని ఎండ వెలుతురు విడగొట్టడమే దీనికి కారణం. సిల్వర్ క్లోరైడ్‌ను ఎండలో ఉంచితే బూడిద రంగుకు మారుతుందని మన పిల్లలు పదో తరగతిలో చదువుతారు. అక్కడా పని చేసేది కాంతే.

అయితే ఫ్యాక్టరీల నుంచి వచ్చే రంగులు, ఫినాల్ లాంటి రసాయనాలు అంత తేలిగ్గా విడిపోవు. అక్కడ కాంతికి సాయంగా ఒక ఉత్ప్రేరకం కావాలి. మనకు తెలిసినదే ఒకటుంది: గోడల పెయింట్‌కు తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్ పొడి.

దాని మీద అతినీలలోహిత కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగురుతుంది. అది వదిలిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌తో, ఆ ఖాళీ నీటితో చర్య జరిపి, చాలా చురుకైన కణాలను పుట్టిస్తాయి. అవి మలినాలను ముక్కలు చేస్తాయి. పొడి మాత్రం ఖర్చు కాదు.

అదే ఎలక్ట్రాన్‌ను నీటిలోని హైడ్రోజన్ అయాన్లకు అందిస్తే హైడ్రోజన్ వాయువు వస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ఇలా కాంతితో నీటిని విడగొట్టవచ్చని ప్రకటించారు. హైడ్రోజన్ మండితే పొగ రాదు, నీరే వస్తుంది.

ఈ పరిశోధన మన ఊళ్లోనూ జరిగింది. ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కు దగ్గర్లో, తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డులో 1944లో మొదలైన ఐఐసీటీ ఉంది. పొడి నీటిలో కలిసిపోతే తిరిగి వడకట్టడం కష్టం. అందుకే అక్కడి శాస్త్రవేత్తలు దాన్ని జియోలైట్ అనే సన్న రంధ్రాల పదార్థం మీద నిలిపి, నీటిలోని ఫినాల్‌ను విడగొట్టారు. ఆ ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి.

మరి మూసీని ఇలా శుభ్రం చేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. నేలకు చేరే ఎండలో అతినీలలోహిత కాంతి సుమారు 5 శాతమే. మిగతా వెలుతురు ఈ తెల్లపొడికి పనికిరాదు. మురికి నీటిలోకి కాంతి లోతుగా దిగదు. సీసం లాంటి లోహాలను ఏ ఉత్ప్రేరకమూ మాయం చేయలేదు. కాబట్టి మురుగు శుద్ధి కేంద్రాల అవసరం తీరదు. మామూలు వెలుతురుతోనే బాగా పనిచేసే ఉత్ప్రేరకం కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. రేపు దాన్ని కనిపెట్టేవారు మన తరగతి గదుల్లోనే ఉండవచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయించండి. రెండు తెల్ల నూలు గుడ్డలకు పసుపు నీళ్లు రాసి ఆరబెట్టండి. ఒకదాన్ని ఎండలో పరిచి, రెండోదాన్ని పక్కనే స్టీలు పళ్లెం కింద ఉంచండి. పళ్లెం కింద వేడి ఉంటుంది, వెలుతురు ఉండదు. సాయంత్రం రెండూ చూపించి, "రంగు పోయింది వేడి వల్లా, వెలుతురు వల్లా?" అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. ఉత్ప్రేరకం నిర్వచనాన్ని పిల్లలు ఒక్క రాత్రిలో బట్టీ పట్టగలరు. కారణాన్ని వెతికే అలవాటు మాత్రం ఇలాంటి ప్రశ్నలతోనే వస్తుంది.