ముందు కనబడ్డదే మంచిదా?

మాది షాబాదు మండలంలో ఒక పల్లె. వ్యవసాయ కుటుంబం. నిరుడు మా పత్తికి గులాబీ రంగు పురుగు తగిలింది. సైన్సు చదువుతున్నవాణ్ణి గదా అని మా నాయిన నన్నడిగాడు. నేను ఫోనులో గూగుల్‌లో వెతికి, మొట్టమొదట వచ్చిన పేజీలోని మందు పేరు చెప్పాను. కొట్టాం. పురుగు అప్పటికే కాయలోపల చేరింది. పైన పడ్డ మందు దాన్ని తాకలేదు. డబ్బులు పోయాయి. నాయిన తిట్టలేదు. "ముందుగాల కనబడ్డదే మంచిదని నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?" అన్నాడంతే. ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబే యీ చిన్న వ్యాసం.

ఒక మాటను వెతికితే అది ఉన్న పేజీలు లక్షల్లో ఉంటాయి. మాటలనే లెక్కబెడితే చాలదు. షాబాదు బండలు మా షాబాదువే అని హాస్టల్లో మిత్రులు అనుకుంటారు; అవి కర్ణాటకలోని షహాబాదువి. పైగా ఒకే మాటను నూరుసార్లు రాసినవాడు నిపుణుడైపోడు గదా! మరి ఏ పేజీని ముందుంచాలి?

దీనికి దారి శాస్త్రపత్రికల్లో ముందే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. తర్వాతి శాస్త్రజ్ఞులు దాన్ని పదే పదే ఉదహరించారు. ఎవరు ఎవరిని ఉదహరించారో చూపే సూచికను అమెరికాలో గార్ఫీల్డ్ 1964లో వెలువరించాడు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇలాంటి ఆలోచననే వెబ్ పేజీలకు వర్తింపజేశారు. ఒక పేజీ మరో పేజీకి లింకు ఇస్తే, అది ఒక సిఫారసు. దీనికే పేజ్‌ర్యాంక్ అని పేరు.

అయితే అన్ని సిఫారసుల విలువా ఒకటి కాదు. మా ఇంటి లెక్కే చూడండి. విత్తనాల సంగతి ఎవరికి బాగా తెలుసని అడిగితే మా నాయిన పెదనాయిన పేరూ, మేనమామ పేరూ చెబుతాడు. మేనమామ పెదనాయిన పేరే చెబుతాడు. పెదనాయిన మా నాయిన పేరొక్కటే చెబుతాడు. ముగ్గురికీ కలిపి 100 మార్కులనుకొని, ఎవరి మార్కులు వారు చూపినవారికి సమంగా పంచుతూ పోతే, చివరికి నాయినకు 40, పెదనాయినకు 40, మేనమామకు 20 దగ్గర లెక్క నిలుస్తుంది. నాయిన పేరు చెప్పింది ఒక్కరే, మేనమామ పేరు చెప్పిందీ ఒక్కరే. అయినా నాయినకు రెట్టింపు! కారణం, పెదనాయిన తన 40నీ ఆయనకే ఇచ్చాడు. నాయిన మాత్రం తన 40ని ఇద్దరికి పంచాడు. ఎందరు చెప్పారన్నదే కాదు, ఎవరు చెప్పారు, ఎందరికి పంచారు అన్నదీ ముఖ్యం.

ఇందులో ఒక చిక్కుంది. ఇద్దరు ఒకరినొకరే చూపుకుంటే మార్కులన్నీ వాళ్ల దగ్గరే తిరుగుతాయి. అందుకని లెక్కలో 85 పాళ్లు లింకుల వెంట పోనిచ్చి, మిగతా 15 పాళ్లు అన్ని పేజీలకూ సమంగా పంచుతారు.

సిఫారసుకు విలువ వచ్చాక అది అంగట్లోకీ వచ్చింది. లింకులు అమ్ముడుపోయాయి. 2012లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పుతో అటువంటి పేజీలను కిందికి దించింది. ఇప్పుడు లింకులతో పాటు మరెన్నో గుర్తులు చూస్తుంది. అయినా ఒక్క సంగతి మారలేదు: లింకు చెప్పేది పలుకుబడి, సత్యం కాదు. ఆ పేజీని నమ్మినవారున్నారని అది చెబుతుందే గాని, మా చేనులో పురుగు కాయలో చేరిందని దానికేం తెలుసు?

మిత్రులారా, సిఫారసు చేయగలవాళ్లు ఊరుకుంటే సరుకు అమ్మేవాడే ముందు నిలుస్తాడు. మన అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు తమకు తెలిసింది తెలుగులో రాసి, మంచి తెలుగు పేజీలకు లింకులిస్తే, రేపు మరో రైతు బిడ్డకు సరైన పేజీ ముందు కనబడవచ్చు. అంతవరకు, మొదటి పేజీ చదివాక మందు డబ్బా మూత తీయకముందే, ఒక కాయ కోసి చూడండి. మా నాయినకు నేను చెప్పుకున్న జవాబు అదే.