వాడి చేత తెలుగు చదివించాలంటే

సెలవులకి ఇంటికి వెళ్తే మనలో చాలామందికి ఒక డ్యూటీ పడుతుంది: "కాస్త చిన్నోడి చేత తెలుగు చదివించవే." మా పిన్ని కొడుకు మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. తెలుగు గలగలా మాట్లాడతాడు. కానీ తాతయ్య వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి పంపేవి చదవలేడు, "వాయిస్ పెట్టు తాతయ్యా" అంటాడు. తాతయ్యకి ఇంగ్లిష్ రాదు. ఇంట్లోవాళ్ల తీర్పు ఒకటే: ఫోన్ వాణ్ణి పాడుచేసింది.

నాకు అలా అనిపించదు. పైథాన్‌లో "స్త్రీ" అనే మాటకి లెన్ కొట్టి చూడండి, 6 వస్తుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌కి ఆరు. కొత్తగా చదివే పిల్లాడి పరిస్థితి యూనికోడ్‌కే దగ్గర. "లక్ష్మి"కి 7. ఇన్ని ముక్కలు కూడగట్టుకునేసరికి వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతాడు. వాడిది బద్ధకం కాదు, ప్రాసెసర్ మొత్తం అక్షరాలకే ఖర్చయిపోతోంది. కథ బుర్రకి ఎక్కకపోతే ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే రెండు పనులు విడగొట్టాలి. కథ మీద ఇష్టం పుట్టించడానికి వాడికి అక్షరాలు రానక్కర్లేదు, మనం పైకి చదివితే చాలు. పక్కన కూర్చోబెట్టుకుని, మాట కింద వేలు పెట్టి చదవాలి. వేగం మాత్రం ఒకే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివితేనే వస్తుంది. పిల్లలు "మళ్లీ అదే" అంటే విసుక్కోకండి. మూడోసారికి కథ ముందే తెలుసు కాబట్టి, వాడి బుర్ర తీరిగ్గా అక్షరాల మీద పెట్టొచ్చు.

ఈ పనికి నాకు బాగా పనికొచ్చింది చందమామ. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు మొదలుపెట్టిన పత్రిక. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపారు. కథల్లో తెలుగు తేటగా ఉంటుంది, పక్కనే బొమ్మ. అందులో బేతాళ కథలైతే మన కోసమే రాసినట్టుంటాయి. బేతాళుడు కథంతా చెప్పి చివర్లో ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. సరిగ్గా అక్కడ ఆపేయండి. విక్రమార్కుడి జవాబు ఉన్న పేరా మాత్రం వాడే చదవాలి. మావాడు "నువ్వే చెప్పక్కా" అని చాలాసేపు బతిమాలాడు. తర్వాత నాలుగు లైన్లు పది నిమిషాలు చదివాడు. చదివి, "విక్రమార్కుడు చెప్పింది తప్పు" అని నాతో గొడవపెట్టుకున్నాడు. నా లెక్కలో అదే చదవడం.

మాట దగ్గర ఆగిపోతే మూడు లెక్కపెట్టి మనమే అందించేయాలి. "సకి తావత్తు ఇస్తే ఏమవుతుంది?" అని అక్కడ క్లాసు పీకితే కథ చచ్చిపోతుంది. వత్తులు వేరే పూట చూసుకోవచ్చు. ఇంకోటి, కథ అయిపోగానే "నీతి ఏంటి?" అని అడగొద్దు, ప్లీజ్. సినిమా చూసి బయటికొస్తుంటే గేటు దగ్గర మనల్ని ఎవరైనా అలా అడిగితే మళ్లీ ఆ థియేటర్‌కి వెళ్తామా?

చందమామ వాక్యాలు కూడా పెద్దవైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూడండి. 2015లో మొదలైంది, తెలుగు కథలు ఉచితం, కష్టాన్ని బట్టి లెవెళ్లుగా పెట్టారు. ఒకటో లెవెల్‌లో పేజీకి ఒకటో రెండో చిన్న వాక్యాలు. ఎనిమిదేళ్లవాడికి మరీ పసిపిల్లల కథ ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు. అందుకని లెవెల్ మనం పెట్టి, కథ వాణ్ణి ఎంచుకోనివ్వాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కాబట్టి దర్జాగా ప్రింట్ తీసుకోవచ్చు (రికార్డులకి ఎన్ని కాగితాలు తగలేయలేదు మనం!). రెండు స్టేపుల్ పిన్నులు కొట్టి, అట్ట మీద వాడి పేరు వాడి చేతే తెలుగులో రాయించండి.