ఎత్తైన కొండ ఎక్కేటప్పుడు తోడున్నవారు గమనించవలసినవి

ఆఫ్రికా ఖండంలో అన్నిటికంటే ఎత్తైన పర్వతం కిలిమంజారో. ఇది టాంజానియా దేశంలో ఉంది. ఎత్తు 5,895 మీటర్లు. ఆ దేశంలో వాలంటీరు నర్సుగా పనిచేసిన రోజుల్లో తోటి వాలంటీర్లు అయిదుగురితో కలిసి మరంగు దారిలో ఆ కొండకు వెళ్ళాను. ఆ ప్రయాణం నేర్పిన పాఠం మీకూ పనికివస్తుంది.

జబ్బు ఎందుకు వస్తుంది?

పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. కిలిమంజారో శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగమే. అందుచేత ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. దీనికి శరీరం అలవాటు పడడానికి కొన్ని రోజులు కావాలి. వయసులో ఉన్నవారికీ, బలశాలులకూ ఈ జబ్బు రావచ్చు.

మరంగు దారిలో రాత్రి బసలు సుమారు 2,700, 3,700, 4,700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఒక్కో రోజుకు 1,000 మీటర్లు ఎక్కడం శరీరానికి ఎక్కువే. అందుకే మేము రెండవ బస హొరోంబోలో ఒక రోజు అదనంగా ఆగాం. అక్కడి గైడ్లు మాటిమాటికీ "పోలే పోలే" అంటారు. స్వాహిలీలో "మెల్లగా, మెల్లగా" అని అర్థం.

మూడవ బస కిబో చేరిన సాయంత్రం, మాలో అందరికంటే చురుకుగా నడిచిన అమ్మాయికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. "నాకేమీ లేదు, రేపటికి తగ్గిపోతుంది" అంది. గైడ్ ఆమెను ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి తిన్నగా నడవమన్నాడు. ఆమె తూలిపోయింది. తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే ఆమెను హొరోంబోకు దింపాం. నేనూ ఆమెతో దిగాను. శిఖరం చూడలేదు గాని, మర్నాడు ఆమె లేచి గంజి తాగడం చూశాను.

గుర్తుపట్టండి

1. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం తొలి లక్షణాలు.
2. తూలడం, పొంతనలేని మాటలు, మత్తు ఉంటే మెదడు వాచిందని అనుమానించాలి.
3. కూర్చున్నా ఆయాసం, దగ్గు, ఎర్రటి నురుగు కళ్ళె ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని అనుమానించాలి.

ఏమి చేయాలి?

1. తొలి లక్షణాలుంటే అక్కడే ఆగండి. తగ్గేదాకా పైకి వెళ్ళవద్దు. తగ్గకపోతే కిందికి దిగండి.
2. రెండు, మూడు అంకెల లక్షణాలు కనిపిస్తే రాత్రయినా వెంటనే దింపండి. ఆక్సిజన్ దొరికితే పెట్టించండి. రోగిని ఒంటరిగా పంపవద్దు.
3. సారా, నిద్రమాత్రలు ఇవ్వవద్దు.

మన వారు వెళ్ళే కేదారనాథ్ కూడా 3,583 మీటర్ల ఎత్తులో ఉంది. హెలికాప్టరులో వెళితే నిమిషాల్లో చేరతారు, శరీరం అలవాటు పడే వ్యవధి ఉండదు. గుండెజబ్బు, ఉబ్బసం, రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరును అడగాలి.

జబ్బుపడినవారు తమకు ఏమీ లేదనే అంటారు. మెదడుకు ఆక్సిజన్ చాలనప్పుడు తన స్థితి తనకే తెలియదు. కాబట్టి వెనక్కి తిరగాలన్న నిర్ణయం పక్కనున్న మీరే తీసుకోవాలి.