నీ చాకిరీ కూడా లెక్కలోకి రావాలి

చి. సౌ. వాణికి,


మీ అన్నయ్య పంపిన ఖర్చుల కాగితం చూశాను. ఆసుపత్రి బిల్లు, మందులు, ఫిజియోథెరపీ, గాలి పరుపు అన్నీ కలిపి మూడు వంతులు వేశాడు. నీ వంతూ రాశాడు. మీ నాన్నకు పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఉద్యోగం మానేసి నువ్వు చేస్తున్న చాకిరీ మాత్రం అందులో ఎక్కడా లేదు. వాడు చెడ్డవాడు కాదమ్మా. డబ్బు చేతులు మారితేనే ఖర్చు అనుకోవడం మనందరికీ అలవాటైపోయింది. దేశం జీడీపీ కూడా అలాగే కడతారు. జీతానికి పెట్టుకున్న ఆయా పని అందులోకి వస్తుంది, అదే పని కూతురు చేస్తే రాదు.

రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, ట్యూబులో పాలు పోయడం, పక్కబట్టలు మార్చడం, రాత్రి దగ్గు వినబడితే లేవడం... అన్నీ ఒక నోటుబుక్కులో గంటలతో సహా రాయి. అటెండర్లను పంపే ఏజెన్సీకి ఫోన్ చేసి పగటి షిఫ్టుకెంత, రాత్రికెంత అని అడుగు. అదొక లెక్క. నువ్వు వదులుకున్న జీతం రెండో లెక్క. నాకు ఎక్కువ దిగులు ఈ రెండోదాని గురించే. జీతంతో పాటు కంపెనీ కట్టే పీఎఫ్ ఆగిపోయింది, ఇంక్రిమెంట్లు పోయాయి. ఈపీఎస్ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి, నీకు 8 ఏళ్లే. చేతిఖర్చులకని ఆ పెన్షన్ డబ్బు తీసేయకు. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకో, మళ్లీ ఉద్యోగంలో చేరితే పాత సర్వీసు కలుస్తుంది.

కన్నతండ్రికి చేసినదానికి వెల కట్టనా అన్నావు ఫోన్లో. మీ నాన్న దగ్గర తీసుకోమనడం లేదు. ముగ్గురు చేయాల్సింది ఒక్కదానివే చేస్తున్నావు. ఏజెన్సీ చెప్పిన ధరను మూడుతో భాగించు. ఒక వంతు నీది, మిగిలిన రెండు వంతులూ వాళ్లు నీకు ఇవ్వాల్సినవి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన కీర్తి కేసు తీర్పులో మన తెలుగు న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి ఆర్థిక విలువ ఉందని వివరంగా రాశారు. 2019 నాటి జాతీయ సర్వేనూ అందులో ప్రస్తావించారు. దాని ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే. అయినా రోగికి కాక, చూసుకునే మనిషికంటూ ఇచ్చింది.

ఆస్తి పంపకాలప్పుడు చూసుకుంటారులే అని ఊరుకోకు. వీలునామా లేకపోతే వారసత్వ చట్టం పిల్లలందరికీ సమానంగా ఇస్తుంది, ఎవరు సేవ చేశారని అడగదు. అందుకే నెలనెలా నీ ఖాతాలో పడేలా ఇప్పుడే మాట్లాడుకోవాలి. డబ్బొక్కటే చాలదు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య నెలకో వారం వచ్చి కూర్చోవాలి, ఆ వారం నువ్వు నిద్రపోవాలి. డాలస్‌లో ఉన్న రెండోవాడు రాలేడు కాబట్టి తన వంతు రోజులకు అటెండర్ డబ్బు వాడు పెట్టుకోవాలి.

ఆదివారం ముగ్గురూ మాట్లాడుకునేటప్పుడు నన్ను కూడా కాల్‌లో కలుపు. మాట నేనెత్తుతాను, అంకెలు నువ్వు చదువు.

మీ పెద్దమ్మ